ముడుచుకున్న చేతులు

నాన్న లోపలికి వెళ్ళగానే తలుపు దానంతటదే నెమ్మదిగా మూసుకుంది, చివర్లో ఎవరో నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు చేసి, ఆ తర్వాత ఈ ఆసుపత్రి వరండా బెంచీ మీద నా పక్కన మిగిలింది నాన్న స్వెట్టరు ఒక్కటే. ఇంకా వెచ్చగా ఉంది. ఒళ్ళోకి తీసుకుందామనుకున్నాను, ఎవరైనా చూస్తారేమోనని మడత సరిచేసి ఊరుకున్నాను. స్వెట్టరు కింద నాన్న ఇవాళ ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు. నిన్న సాయంత్రం నాచేతే ఇస్త్రీ చేయించాడు. కాలరు దగ్గర గట్టిగా నొక్కమన్నాడు, వెనక కూర్చున్నవాళ్ళకి డ్రైవరంటే కాలరేనట, మొహం ఎవరికీ కనిపించదట. ఈ స్కానింగు బాగుంటే డాక్టరమ్మ బస్సు నడపమంటారు, ఆవిడ నడపమంటే ఇటునుంచి ఇటే డిపోకి వెళ్ళి తన సీట్లో కూర్చోవాలని నాన్న ఆశ. ఆ మాట నాతో అనలేదు. నాన్న ఏ మాటా అనడు. చొక్కాని చూసి నేనే అనుకున్నాను.

నాన్న డ్రైవరు సీటు దిగి చాలా కాలమైంది. డిపోలో ముందు అద్దం తుడుస్తూ తుడుస్తూ పడిపోయినప్పటి నుంచి స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. జనం బస్సుల్లో మర్చిపోయిన వస్తువులు దాచే గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, టిఫిను డబ్బాలు, పిల్లల టోపీలు, ఒకసారి ఎవరివో పెట్టుడు పళ్ళు, ఇంకోసారి ఒంటి చెప్పు. ఒంటి చెప్పు ఎలా మర్చిపోతారు, రెండో కాలు ఇంటిదాకా ఎలా వెళ్ళింది అని నాకు చాలా రోజులు అదే ఆలోచన. నాన్నని అడిగితే బాగుండేది, అడగలేదు. కండక్టర్ బాబాయి, అంటే ఎన్నో ఏళ్ళు నాన్న బస్సులో టికెట్లు కొట్టిన ఆయన, ఆ గది ముందు నుంచి వెళ్తూ "ఏం గొడుగులాయనా, వానెప్పుడు?" అని వెక్కిరిస్తాడు. "నీ ఈల కూడా ఎక్కడో పారేసుకుంటావు, అదీ ఇక్కడికే వస్తుంది, అప్పుడు చెప్తా" అంటాడు నాన్న. వాళ్ళిద్దరి మధ్య మాటలు ఎంత సులువుగా వస్తాయో, నేను క్యారియరు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడగానే అవి అంత సులువుగానూ ఆగిపోతాయి. నాన్న క్యారియరు అందుకుని "జాగ్రత్తగా వెళ్ళు" అంటాడు. నేను "ఊఁ" అంటాను.

నేల తుడిచే ఆవిడ నా దాకా వచ్చింది. కాళ్ళు పైకెత్తాను, ఆవిడ తుడుచుకుంటూ వెళ్ళిపోయాక కూడా దించాలో లేదో తెలియక కొంచెంసేపు అలాగే ఉన్నాను. తడి నేల మీద ట్యూబులైటు పొడుగ్గా పడి, ఎవరో నడిచినప్పుడల్లా విరిగి మళ్ళీ అతుక్కుంటోంది. పక్కనున్న ముసలావిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ "ఎవరికమ్మా బాగోలేదు?" అంది. నాన్నకి అన్నాను. "అమ్మ రాలేదా?" ఊళ్ళో ఉంది అన్నాను. "అయ్యో, చిన్నపిల్లవి, ఒక్కదానివే వచ్చావా." ఒక్కదాన్నే రాలేదు, నాన్నతో వచ్చాను, అసలు నాన్నే నన్ను తీసుకొచ్చాడు, బస్సులో కిటికీ పక్క సీటు కూడా నాకే ఇచ్చాడు, అని చెప్పాలనిపించింది, కాని ఆ వాక్యం గొంతులో తయారయ్యేసరికి ఆవిడ అటు తిరిగి వేరే ఎవరితోనో తన మోకాళ్ళ సంగతి చెబుతోంది. నాకెప్పుడూ ఇంతే. నా మాట బయల్దేరేసరికి మనుషులు వెళ్ళిపోతారు. కాలేజీలో చేరిన కొత్తలో హాజరు పిలుస్తుంటే నేనన్నది లెక్చరరుకి వినపడక తర్వాతి అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయారు. చెయ్యెత్తితే సరిపోయేది. ఎత్తలేదు. ఆ రోజంతా చివరి బెంచీలో కూర్చుని, రాసుకుని, నీళ్ళు తాగి, లేనిదానిగానే ఉన్నాను. సాయంత్రం నా వెనకే వస్తున్న ఇద్దరమ్మాయిలు నవ్వుకుంటుంటే నా గురించేమో అనుకుని జడ సర్దుకున్నాను, కాని వాళ్ళు నా గురించి కాదు, నన్ను చూడనే లేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

అమ్మమ్మ మంచం పట్టింది, అమ్మ ఆవిడని వదిలి రాలేదు, అందుకని నాన్నకి వండిపెట్టడానికీ నా చదువుకీ రెండిటికీ కలిసొస్తుందని నన్ను ఇక్కడికి పంపారు. "నాన్నని కనిపెట్టుకుని ఉండు" అంది అమ్మ సంచీలో బట్టలు కుక్కుతూ. ఎలా కనిపెట్టాలో చెప్పలేదు. చిన్నప్పుడు నాన్నంటే సెలవు దొరికితే వచ్చే మనిషి. వచ్చినప్పుడు నేను తలుపు వెనక ఉండేదాన్ని. ఒంటికి డీజిలు వాసన, చేతిలో ఏదో పొట్లం. "బాగా చదువుతున్నావా?" "ఊఁ." అంతే, ఏళ్ళ తరబడి మా ఇద్దరి సంభాషణ అదే, పొట్లం మాత్రం మారేది. ఇప్పుడు ఒకే గదిలో ఉంటున్నాం, మధ్యలో పరదా. పరదాకి అటు నాన్న రేడియోకి జవాబులు చెబుతుంటాడు. వాతావరణం చెప్పే ఆయనతో "నిన్నా ఇదే చెప్పావు" అంటాడు. ఇటు నేను నవ్వుకుంటాను, నవ్వు వినపడకుండా దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని. వినపడితే ఏమవుతుంది. ఏమీ కాదు. అయినా పెట్టుకుంటాను.

లోపల ఇప్పుడు జెల్లు రాస్తుంటారు. చల్లగా ఉంటుందని పోయినసారి నాన్న ఒళ్ళు ముడుచుకున్నాడేమో, స్కానింగు అక్క "ఏంటండీ, ఇంత పెద్ద బస్సు తోలి దీనికి భయపడతారా" అనడం బయటికి వినపడింది. మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు డాక్టరమ్మ నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా రెండు చేతులూ తీసుకుని బల్ల మీద పెట్టారు. ఊరినుంచి వచ్చాక నా చేతుల్ని ఎవరైనా పట్టుకోవడం అదే మొదలు. గుండె కండలో లెక్కలేనన్ని బుల్లి మోటార్లుంటాయి అన్నారు. అవి ప్రొటీన్లే, కాని చేసేది మోటారు పని. ఒక్కోదాన్నీ ఒక చెయ్యి అనుకోండి. పక్కనే తాడుంటుంది. చెయ్యి తాడు పట్టుకుంటుంది, ఒక్క గుంజు గుంజుతుంది, వదిలేస్తుంది. అన్నీ కలిసి గుంజితే గుండె ముడుచుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. నా పిడికిలి మూసి, తెరిచి, మూసి చూపించారు. "మీ గుండెలో ఒకేసారి మరీ ఎక్కువ చేతులు తాడు పట్టుకుంటున్నాయి, కాసేపు కూర్చోవాల్సినవి కూడా. లాగీ లాగీ కండ మందమైపోయింది. రక్తం బయటికెళ్ళే దారికి అదే అడ్డం. అందుకే కళ్ళు తిరిగి పడిపోయారు." నాన్న చాలాసేపు నా పిడికిలినే చూశాడు. తర్వాత "అయితే మీరిచ్చే మాత్ర టైరు కింద పెట్టే రాయన్నమాట" అన్నాడు. డాక్టరమ్మ నవ్వారు. "రాయి పెడితే బండి కదలదు కదండీ. మనకి కదలాలి. ఇది కొన్ని చేతుల్ని మాత్రం మడిచి పక్కన కూర్చోబెడుతుంది. తక్కువ కూర్చుంటే లాభం లేదు, మరీ ఎక్కువ కూర్చుంటే లాగడానికి చేతులు చాలవు. అందుకే మాటిమాటికీ స్కానింగు." మాటిమాటికీ అంటే డిపోలో సెలవివ్వరండీ అని నాన్న నసిగితే, "గుండె పోతే డిపోలో ఇంకోటి ఇస్తారా?" అన్నారు ఆవిడ. నాన్న తల వంచుకుని నవ్వాడు. ఆ నవ్వు నేను అంతకుముందు చూడలేదు, పై పన్ను ఒకటి కొంచెం వంకరగా ఉంటుందని అప్పుడే తెలిసింది, నాది కూడా అక్కడే వంకర.

ఈ మోటార్ల సంగతి నాకు కొత్త కాదు. ఊళ్ళో మా సైన్సు సారు ఒకసారి బోర్డు మీద పెద్ద మూట నెత్తిన పెట్టుకున్న కూలీని గీశారు, కాళ్ళు మాత్రం పుల్లల్లా. ప్రతి కణంలోనూ ఇలాంటి కూలీలుంటారు, దారాల్లాంటి దారుల మీద అడుగులో అడుగేసుకుంటూ మూటలు మోస్తుంటారు, కొందరు మోస్తారు, కొందరు లాగుతారు, కణం రెండుగా విడిపోయేటప్పుడు కొందరు ఇటూ అటూ నెట్టి దూరం చేస్తారు అన్నారు. వాళ్ళని ఆపాలంటే వాళ్ళంత పెద్దవాళ్ళే అక్కర్లేదట, వాళ్ళతో పోలిస్తే ఆవగింజంత అణువు చాలునట, అది మోటారులో ఒక సందు చూసుకుని దూరి కూర్చుంటుందట, ఇక మోటారు వంగలేదు, చాచలేదు. "మన క్లాసు తలుపు బందులో చాక్‌పీసు ముక్క ఇరుక్కుంటే మీరంతా కలిసి తోసినా మూతపడలేదు కదరా, అలాగ" అన్నారు సారు. ఆ ముక్క ఎవరు పెట్టారో అందరికీ తెలుసు, అందరూ వెనక బెంచీ వైపు చూశారు. నేను కూడా చూశాను. ఆ రోజు ఇంటికి నడుస్తూ నా ఒంట్లో అంతమంది నడుస్తున్నారని తలుచుకుని, ఇంతమంది ఉండగా నేను ఒంటరిదాన్ని ఎలా అవుతాను అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు కదా అనిపిస్తోంది. మూట మోసుకుంటూ వెళ్తారు, అంతే.

మాత్ర మొదలుపెట్టాక నాన్న బాగానే తేరుకున్నాడు. నీళ్ళ బిందె నా చేతిలోంచి లాక్కుని తానే పైకి తెచ్చాడు. కండక్టర్ బాబాయితో కలిసి బయట తినడం మళ్ళీ మొదలైంది, తిన్నాక ఛాతీ కింద మంట కూడా. మంటకి బాబాయి ఒక గ్యాస్ బిళ్ళ ఇచ్చాడు. హాయిగా ఉందట. మర్నాడు నాన్న పరదా కొంచెం పక్కకి జరిపి, ఖాళీ రేకు చూపించి, "వీధి చివర కొట్లో ఇవి దొరుకుతాయేమో చూసిరా" అన్నాడు. దొరికాయి. సబ్బులకీ బిస్కెట్లకీ మధ్య సీసాలో ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఒకటి వేసుకోవడం అలవాటైంది. రెండు రోజులకోసారి వెళ్ళేదాన్ని, కొట్టు ఆయన నన్ను చూడగానే అడక్కుండానే సీసా మూత తీసేవాడు, "ఏమ్మా, మీ నాన్న పొట్టలో మంట ఆరిందా, ఫైరింజను పంపనా" అనేవాడు. ఈ మహా పట్నంలో నన్ను చూడగానే గుర్తుపట్టే మనిషి ఆయన ఒక్కడే. ఇంటికొచ్చి ఆ ఫైరింజను మాట నాన్నకి చెప్పాను. ఎలా చెప్పానో, నోరు దానంతటదే చెప్పేసింది. నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటినుంచి "మన బిళ్ళలు అయిపోయాయా?" అని అడిగేవాడు, కన్ను కొంచెం చికిలించి. "అమ్మకి చెప్పకు, బయట తింటున్నానని గోల పెడుతుంది." చెప్పను అన్నాను. నాన్నకీ నాకూ మధ్య ఒక రహస్యం. ఇద్దరం కలిసి దాచుకున్నది ఒకటి. బిళ్ళలు ఇంకా ఉన్న రోజున కూడా ఒకసారి కొట్టుదాకా వెళ్ళొచ్చాను, వస్తూ నాన్న ఏమంటాడో అని వాక్యం ముందే తలుచుకుంటూ.

తర్వాత నాన్న మెట్ల మలుపు దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. ఫోను తీసి చూసుకుంటాడు, దాంట్లో ఏమీ ఉండదు, తెర కూడా వెలగదు. బూటు తాడు పూర్తిగా వదులు చేసినా సాయంత్రానికి పాదం మీద గాడి పడుతోంది. రాత్రి పడుకోవడం మానేసి గోడకి దిండు ఆనించి కూర్చునే నిద్రపోతున్నాడు, పరదా మీద ఆ కూర్చున్న నీడ చూసి మొదట భయపడ్డాను, తర్వాత అలవాటు చేసుకున్నాను. పోయిన వారం ధైర్యం చేసి ఆయాసం సంగతి డాక్టరమ్మకి చెబుదామా అన్నాను. నాన్న అన్నం కలుపుతూ ఆగాడు. "అక్కడ ఆ సంగతి ఎత్తకు తల్లీ. చెబితే బస్సు ఇవ్వరు." తల్లీ అన్నాడు. నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు. అన్నం తింటున్నంతసేపూ ఆ మాటే చప్పరించాను, ఆయాసం సంగతి మర్చిపోయాను. మర్చిపోలేదు. పక్కన పెట్టాను.

ఎదురుగా మందుల కౌంటరు. కౌంటరు తాతగారి కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది, అది ఎప్పుడు పడుతుందా అని చూడటం నాకు ఇక్కడ అలవాటైన పని. ఆయన ముందు ఒకావిడ నిలబడింది, పక్కన భర్త కాబోలు, టోపీ చేతిలో పట్టుకుని. నాన్న వేసుకునే గుండె మాత్ర పెట్టె లాంటి పెట్టే బల్ల మీద ఉంది, నీలం గీత చూసి గుర్తుపట్టాను. తాతగారు పెట్టె మీద వేలు పెట్టి అడుగుతున్నారు, మొదటిసారి నాన్ననీ ఇలాగే అడిగారు, నిద్ర మాత్రలు వాడుతున్నారా, మూర్ఛ మాత్రలు వాడుతున్నారా, అప్పుడు నాన్న ఏమీ లేవండీ అన్నాడు, అప్పుడది నిజమే. "పొట్టలో మంటకి ఏమైనా వేసుకుంటారా? గ్యాస్ బిళ్ళలాంటివి?" అన్నారు తాతగారు. ఆవిడ నవ్వింది. "అదీ ఒక మందేనా అండీ?" "నోట్లోంచి లోపలికి వెళ్ళేదంతా మందేనమ్మా. వాటిల్లో కొన్ని దీనితో కలిశాయంటే ఇది ఒంట్లోంచి పోదు. పేరుకుపోతుంది. డాక్టరుగారిని అడక్కుండా వేసుకోవద్దు." ఆవిడ భర్త వైపు తిరిగి "విన్నావా, ఆ బిళ్ళ ఇక బంద్" అంది. ఆయన తల ఊపాడు. అంతే, వాళ్ళకి అయిపోయింది, సంచీ తీసుకుని వెళ్ళిపోయారు.

ఇదే మాట డాక్టరమ్మ కూడా చెప్పారు. మొదటి రోజే. నా చేతులు వదిలాక, చివర్లో, నాన్న లేచి నిలబడ్డాక. ఈ మాత్రని కాలేయం రోజూ ఊడ్చి పారేస్తుంది, వేరే మాత్రలు కొన్ని ఆ ఊడ్చే పనికి అడ్డం పడతాయి, జలుబుకి కూడా నన్ను అడక్కుండా ఏదీ వేసుకోకండి అన్నారు. నాన్న అలాగే అన్నాడు, నేనూ తల ఊపాను. సబ్బుల పక్కన దొరికేది మాత్ర అని మాకు తోచలేదు. ఆసుపత్రి ఇచ్చేది మందు, కొట్టు ఆయన ఇచ్చేది సరుకు. మెట్ల మలుపు, బూటు గాడి, పరదా మీద కూర్చున్న నీడ, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. నేను నవ్వుకుంటూ వీధి చివరికి నడిచిన ప్రతిసారీ లోపల ఇంకొన్ని చేతులు తాడు వదిలేసి మడుచుకుని కూర్చున్నాయి. లేవమనేవాళ్ళు లేరు, ఊడ్చేవాడి చేతులు నేనే కట్టేశాను. మిగిలిన కొద్ది చేతులూ బిందె మోశాయి, మెట్లెక్కాయి, నా మాటకి పొట్ట పట్టుకుని నవ్వాయి.

చెప్పకపోతే. చెప్పకపోతే డాక్టరమ్మ ఆ మాత్ర నాన్నకి పడలేదనుకుంటారు, ఆపేసి ఆపరేషను, కత్తి సంగతి ఎత్తుతారు. లేదా ఇవాళ గుండె ఎలాగో ఒకలా పరవాలేదనిపిస్తే, పోయినసారి అన్నట్టు మోతాదు పెంచుతారు, బస్సు నడుపుకోమంటారు. నాన్న కాలరు సర్దుకుని ఎక్కుతాడు. మొదటి సీట్లో ఎప్పుడూ ఒక పంతులమ్మ కూర్చుంటుందని, బ్రేకు వేసినప్పుడల్లా "నెమ్మది నాయనా" అంటుందని బాబాయి చెబుతాడు. వంతెన మీద లాగే చేతులు చాలకపోతే ఆవిడ నెమ్మది అని ఎవరికి చెబుతుంది. చెబితే నాన్న మళ్ళీ గొడుగుల గదికి వెళ్తాడు, చొక్కా మళ్ళీ పెట్టెలోకి వెళ్తుంది, నాన్న నా వైపు చూడడు. మన బిళ్ళలు అనేది ఇక ఉండదు, తల్లీ అనేది ఉండదు. పరదా ఉంటుంది. అమ్మకి ఫోను చేద్దామా అనుకున్నాను, అమ్మ చెబుతుంది, అమ్మకి నోరుంది. కాని ఇప్పుడు అమ్మమ్మకి తినిపించే వేళ, అమ్మ ఫోను ఎత్తదు, ఎత్తినా మొదటినుంచి చెప్పాలి, మొదలు ఎక్కడుందో నాకు తెలియదు. ముసలావిడ నిద్రపోతోంది, ఫ్లాస్కు ఒళ్ళో జారుతోంది, దాన్ని పట్టి నిలబెట్టాను. కౌంటరు దగ్గర ఎవరూ లేరు. తాతగారికి చెబితే ఆయన చెబుతారు. అప్పుడు ఆయన చెప్పినట్టవుతుంది, నేను దాక్కున్నట్టవుతుంది. వాక్యం కూర్చుకున్నాను. నాన్నగారు ఒక బిళ్ళ వాడుతున్నారండీ. బాగోలేదు. మేడమ్, ఒక చిన్న విషయం. చిన్నది కాదు. లేచి నిలబడ్డాక కూడా కూర్చుకుంటూనే ఉన్నాను.

తలుపు మీద అనుమతి లేనిదే లోపలికి రావద్దని రాసి ఉంది. గడ్డి తొక్కవద్దు, బల్ల మీద రాయవద్దు, ఎక్కడ ఏ బోర్డు ఉన్నా దాని మాట నేను విన్నాను. తోశాను. బరువుగా ఉంది, భుజం పెట్టాల్సి వచ్చింది. లోపల చీకటి, తెర ఒక్కటే వెలుగుతోంది. నాన్న ఎడమ పక్కకి తిరిగి, గోడ వైపు మొహం పెట్టి పడుకుని ఉన్నాడు, నాకు కనిపించేది వీపు. చొక్కా లేని వీపు ఇంత సన్నగా ఉంటుందని తెలియదు. ఖాకీ చొక్కా కుర్చీకి తగిలించి ఉంది, కాలరు నిలబడే ఉంది. స్కానింగు అక్క చెయ్యి నాన్న మీదుగా వెళ్ళి ఛాతీ దగ్గర ఆగింది. డాక్టరమ్మ తెర ముందు వంగి ఉన్నారు.

"గుండె లాగే బలం పోయినసారి కంటే తగ్గిందండీ, బాగా తగ్గింది. ఆయాసం ఉంటోందా?"

"లేదండీ" అన్నాడు నాన్న గోడతో.

"వేరే మందులేమైనా?"

"ఏం లేవండీ."

తెర మీద నాన్న గుండె. నల్లటి నీళ్ళ అడుగున ఏదో ప్రాణి రెక్కలు విప్పాలని చూసి, సగం విప్పి, మళ్ళీ ముడుచుకుంటున్నట్టుంది. ఇన్నేళ్ళలో నాన్న లోపల ఏముందో నేను చూడటం ఇదే. డాక్టరమ్మ తల తిప్పారు. "ఏమ్మా, బయట కూర్చో, అయిపోవచ్చింది."

"నాన్న గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నాడు." నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది, ఆ చిన్న గదికి మరీ పెద్దగా, స్కానింగు అక్క ఉలిక్కిపడింది. ఆపితే మళ్ళీ రాదని ఆపలేదు. "రోజూ. కొట్లోంచి నేనే తెస్తాను. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. కాళ్ళు వాస్తున్నాయి. రాత్రి కూర్చునే నిద్రపోతున్నాడు."

నాన్న కదల్లేదు. మొహం గోడకే ఉంది. కాని తెర మీద ఆ ప్రాణి తొందరపడింది. మూలనున్న అంకె ఎక్కింది, ఇంకా ఎక్కింది, కింద గీత శిఖరాలు దగ్గరదగ్గరగా జరిగాయి. డాక్టరమ్మ నన్ను చూస్తున్నారు, అక్క డాక్టరమ్మని చూస్తోంది, దాన్ని చూసింది నేనొక్కదాన్నే. నాన్న నాకిచ్చిన జవాబు అది. కోపమో, సిగ్గో, ఇంకేదో, దాన్ని చదవడం నాకు తెలియదు.

ఎప్పటినుంచి, ఏ బిళ్ళ, పేరేమిటి అని డాక్టరమ్మ అడిగారు, చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. మాత్ర పడకపోవడం కాదన్నమాట, పేరుకుపోయింది అన్నారు. ఇప్పటికి రెండూ ఆపేద్దాం, లోపల ఉన్నది ఊడ్చుకుపోవడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ చేతులు విరిగిపోలేదు, ముడుచుకున్నాయంతే, చాలావరకు మళ్ళీ తెరుచుకుంటాయి, అప్పుడు కొంచెంతో మొదలుపెడదాం, మంటకి వేరేది ఇస్తాను అన్నారు. నాన్న అడగలేదు గాని, ఆవిడే "బస్సు మాట ఇప్పట్లో ఎత్తకండి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మొదటి రోజు నీ చేతులు పట్టుకుని మరీ చెప్పాను కదమ్మా. చదువుకుంటున్న పిల్లవి, నువ్వైనా ఆలోచించొద్దూ?"



"దాన్నేం అనకండి" అన్నాడు నాన్న. గొంతు గోడకి తగిలి బొంగురుగా వచ్చింది. "నేనే తెమ్మన్నాను. దానికేం తెలీదు. చెప్పొద్దన్నదీ నేనే."

డాక్టరమ్మ ఫోను మోగితే మాట్లాడుతూ బయటికి వెళ్ళారు. స్కానింగు అక్క యంత్రం తెర ఆపేసింది, నా చేతిలో మెత్తటి కాగితాలు కొన్ని పెట్టి, "కొంచెం తుడిచెయ్యమ్మా, పక్క గదిలో పిలుస్తున్నారు" అని వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. నేనూ నాన్నా మిగిలాం. నాన్న లేచి తానే తుడుచుకుంటాడేమోనని చూశాను, లేవలేదు. మంచం చుట్టూ గోడ వైపు వెళ్ళడానికి చోటు లేదు. నాన్న భుజం మీదుగా వంగి, చూడకుండానే, చెయ్యి చాచి ఛాతీ మీద పెట్టాను. జెల్లు చల్లగా ఉంది. దాని కింద ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎముకలు చేతికి తగిలాయి, వాటి వెనక నుంచి దడదడ, తడి కాగితంలోంచి నా అరచేతికి. నాన్న ఊపిరి కొంచెంసేపు ఆపి, మళ్ళీ వదిలాడు. నా చెయ్యి తొయ్యలేదు, పట్టుకోలేదు. కాగితం చిరిగితే ఇంకోటి తీసుకున్నాను, అదీ అయిపోయాక ఇంకోటి. తుడవడానికి ఏమీ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు.